ఫోటో ఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీతో ఘనపదార్థాల ఎలక్ట్రాన్ నిర్మాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంఎస్సీ ఫిజిక్స్, కెమిస్ట్రీ విద్యార్థులు, కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాళ్లు, శాంపిల్‌ను ఎక్స్‌పీఎస్‌కు (ఎక్స్‌రేతో చేసే ఫోటో ఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీకి) పంపి తిరిగొచ్చిన గ్రాఫ్ ముందు ఏం చేయాలో తోచక కూర్చున్నవాళ్లు అడిగే ప్రశ్నలివి. ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకునే చోట జవాబు పొడుగ్గా ఉంటుంది. మిగతా చోట్ల క్లుప్తంగానే చెప్పాను.

ఇంటర్‌లో చదివిన కాంతి విద్యుత్ ఫలితమే కదా, ఇందులో కొత్తేముంది?

సూత్రం అదే. 1887లో హెర్ట్జ్ గమనించారు, 1905లో ఐన్‌స్టీన్ వివరించారు. కాకపోతే ఇంటర్ ప్రయోగంలో మనం స్టాపింగ్ పొటెన్షియల్ ఒక్కటే కొలుస్తాం. అంటే అన్నిటికన్నా వేగంగా బయటికొచ్చిన ఎలక్ట్రాన్ల సంగతే తెలుస్తుంది. లోహంలో అవి ఫెర్మీ స్థాయి (ఎలక్ట్రాన్లు నిండిన స్థాయిల పై హద్దు) దగ్గరివి. మరి అంతకన్నా లోతుగా ఉన్నవాటి మాటేమిటి?

ఫోటో ఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీలో ఒకే శక్తి ఉన్న ఫోటాన్లను పంపి, ఎంత గతిజ శక్తితో ఎన్ని ఎలక్ట్రాన్లు వచ్చాయో లెక్కపెడతాం. అప్పుడు పదార్థంలోని నిండిన స్థాయిలన్నీ వరుసగా శిఖరాలుగా, పట్టీలుగా కనిపిస్తాయి. దీన్ని కచ్చితమైన పద్ధతిగా మలిచింది స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయంలో కై సీగ్‌బాన్ బృందం. 1950లలో మొదలైన ఆ పనికి ఆయనకు 1981లో ఫిజిక్స్ నోబెల్‌లో సగభాగం దక్కింది. లోహాల బ్యాండ్లను ఈ దారిలో చదవడానికి బాట వేసినవి 1964లో బెర్గ్‌లండ్, స్పైసర్ రాగి, వెండి మీద చేసిన ప్రయోగాలు.

ఎక్స్‌పీఎస్, యూపీఎస్, ఆర్పెస్: వీటిలో నాకు ఏది కావాలి?

మీ ప్రశ్నను బట్టి ఉంటుంది. ఏ మూలకం ఉంది, ఏ ఆక్సీకరణ స్థితిలో ఉంది అని తెలియాలంటే ఎక్స్‌పీఎస్. ఇందులో మామూలుగా వాడేది అల్యూమినియం కె-ఆల్ఫా ఎక్స్‌రే, 1486.6 ఎలక్ట్రాన్ వోల్ట్లు. పరమాణువు లోపలి కక్ష్యల నుంచి కూడా ఎలక్ట్రాన్‌ను లాగేంత శక్తి దానికుంది. వర్క్ ఫంక్షన్ (ఫెర్మీ స్థాయి నుంచి ఎలక్ట్రాన్‌ను బయటికి తీయడానికి కావలసిన కనీస శక్తి), వేలెన్స్ బ్యాండ్ పై అంచు కావాలంటే అతినీలలోహిత కాంతితో చేసే యూపీఎస్. దీనికి హీలియం దీపం చాలు, 21.2 ఎలక్ట్రాన్ వోల్ట్లు. ఎలక్ట్రాన్ శక్తి దాని ద్రవ్యవేగంతో పాటు ఎలా మారుతుందో, అంటే అసలైన బ్యాండ్ స్ట్రక్చర్ చూడాలంటే, కోణాన్ని కూడా కొలిచే ఆర్పెస్. దీనికి మాత్రం మంచి ఏకస్ఫటికం తప్పనిసరి. పొడిని తెచ్చి ఆర్పెస్ చేయమంటే కుదరదు. పొడిలోని కోట్ల స్ఫటికాలు తలో దిక్కుకీ తిరిగి ఉంటాయి, కోణానికి అర్థమే ఉండదు.

ఎలక్ట్రాన్ బంధన శక్తిని లెక్కగట్టే సమీకరణంలో వచ్చే వర్క్ ఫంక్షన్ శాంపిల్‌దా, పరికరానిదా?

పరికరానిది. దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఇక్కడ తికమక వస్తుంది.

లోహపు శాంపిల్, ఎనలైజర్ (ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచే భాగం) రెండూ విద్యుత్‌పరంగా కలిసి ఉంటాయి కాబట్టి వాటి ఫెర్మీ స్థాయిలు ఒకే ఎత్తులో నిలుస్తాయి. కానీ రెండింటి వర్క్ ఫంక్షన్లూ వేరు. ఆ తేడా మేరకు శాంపిల్‌కూ ఎనలైజర్‌కూ మధ్య చిన్న విద్యుత్ క్షేత్రం ఏర్పడి, ఎలక్ట్రాన్‌ను కాస్త తోస్తుంది లేదా కాస్త ఆపుతుంది. లెక్క కడితే శాంపిల్ వర్క్ ఫంక్షన్ కొట్టేసుకుపోయి, ఎనలైజర్‌ది మిగులుతుంది. అందుకే బంధన శక్తి అంటే ఫోటాన్ శక్తిలోంచి గతిజ శక్తిని, ఎనలైజర్ వర్క్ ఫంక్షన్‌ను తీసేస్తే వచ్చేది. శుభ్రమైన బంగారం 4ఎఫ్ శిఖరం 84.0 ఎలక్ట్రాన్ వోల్ట్ల దగ్గర పడేలా ఆ స్థిరాంకాన్ని ఒకసారి సరిచేసుకుంటే, ప్రతి శాంపిల్‌కూ అదే పనికొస్తుంది.

శాంపిల్ వర్క్ ఫంక్షనే కావాలంటే యూపీఎస్‌లో స్పెక్ట్రమ్ మొత్తం వెడల్పు చూడాలి. ఫెర్మీ అంచు నుంచి అతి తక్కువ వేగపు ఎలక్ట్రాన్లు ఆగిపోయే అంచు దాకా 16.1 ఎలక్ట్రాన్ వోల్ట్లు ఉంటే, 21.2 లోంచి అది తీసేయగా 5.1 వస్తుంది. శుభ్రమైన బంగారానికి వచ్చే విలువ దాదాపు ఇదే. గాలి తగిలిన బంగారానికి మాత్రం ఇది బాగా తగ్గిపోతుంది. ఈ కొలతకు శాంపిల్ మీద కొన్ని వోల్ట్ల రుణ బయాస్ పెట్టాలి. లేకపోతే కనిపించే అంచు శాంపిల్‌దో ఎనలైజర్‌దో చెప్పలేం.

అంత అల్ట్రా హై వాక్యూమ్ ఎందుకు?

ఎలక్ట్రాన్ దారిలో గాలి అణువులు అడ్డురాకూడదనే అయితే మామూలు హై వాక్యూమ్ సరిపోయేది. అసలు బాధ ఉపరితలం మురికి కావడం. పీడనం 10⁻⁶ టార్ ఉంటే, తగిలిన ప్రతి అణువూ అంటుకుంటుందనుకుంటే, దాదాపు ఒక సెకనులో శుభ్రమైన ఉపరితలం మీద ఒక పూర్తి పొర పేరుకుంటుంది. 10⁻¹⁰ టార్‌కు దిగితే అదే పనికి పదివేల సెకన్లు, అంటే సుమారు మూడు గంటలు పడుతుంది. ఆ మూడు గంటలే మన పని గంటలు.

ఆ పొర మనకెందుకు అంటే, ఎలక్ట్రాన్ పదార్థంలో శక్తి కోల్పోకుండా ప్రయాణించే దూరం చాలా తక్కువ. 50 ఎలక్ట్రాన్ వోల్ట్ల చుట్టుపక్కల అది అర నానోమీటరు స్థాయికి పడిపోతుంది, అంటే రెండు మూడు పరమాణు పొరలు. ఎక్స్‌పీఎస్‌లో ఒకటి నుంచి మూడు నానోమీటర్లు. వచ్చే సిగ్నల్‌లో 95 శాతం ఆ దూరానికి మూడు రెట్ల లోతు లోపలి నుంచే వస్తుంది. ఎక్స్‌రే మైక్రాన్ల లోతుకు వెళ్తుంది నిజమే, కానీ లోతున పుట్టిన ఎలక్ట్రాన్ శక్తి చెడకుండా బయటపడలేదు.

చూస్తున్నది పైపై పొరలే అయినప్పుడు, పదార్థం మొత్తం గురించి మాట్లాడటం న్యాయమేనా?

అన్నిసార్లూ కాదు. గ్రాఫైట్ లాంటి పొరల పదార్థాల్లో పొరకూ పొరకూ మధ్య బంధం బలహీనం. అందుకని పైపొర కూడా లోపలి పొరల్లాగే ప్రవర్తిస్తుంది, ధైర్యంగా మాట్లాడొచ్చు. మూడు దిశల్లోనూ గట్టి బంధాలున్న పదార్థంలో ఉపరితలం తనకంటూ వేరే నిర్మాణం సంతరించుకుంటుంది. రాగి 111 ముఖం మీద ఫెర్మీ స్థాయికి 0.4 ఎలక్ట్రాన్ వోల్ట్ల కింద మొదలయ్యే పారాబోలా ఆకారపు బ్యాండ్ ఒకటుంది. అది పూర్తిగా ఉపరితలానిదే, లోపలి రాగిలో లేనేలేదు.

అనుమానం ఉంటే ఫోటాన్ శక్తి పెంచి చూడాలి. కొన్ని వేల ఎలక్ట్రాన్ వోల్ట్ల గట్టి ఎక్స్‌రేలతో చేసే హ్యాక్స్‌పెస్‌లో చాలా ఎక్కువ లోతు నుంచి సమాచారం వస్తుంది. శక్తి మార్చినా శిఖరం అలాగే ఉందంటే అది పైపొర మాయ కాదన్న భరోసా వస్తుంది.

ఆర్పెస్‌కి స్ఫటికాన్ని లోపలే విరగ్గొడతారట. ఎలా?

ఒకటి రెండు మిల్లీమీటర్ల స్ఫటికాన్ని వెండి ఎపాక్సీతో రాగి హోల్డర్‌కు అంటిస్తారు. దాని నెత్తిన, అదే ఎపాక్సీతో, చిన్న సిరామిక్ పుల్లను నిలువుగా నిలబెడతారు. ఓవెన్‌లో పెట్టి ఎపాక్సీని గట్టిపడనిస్తారు. ఇక్కడ చేయి తిరగాలి. ఎపాక్సీ కొంచెం ఎక్కువై స్ఫటికం పక్క నుంచి కిందికి కారిందంటే పుల్లా హోల్డరూ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. లోపల ఎంత కొట్టినా స్ఫటికం చీలదు. మరీ తక్కువైతే పుల్ల ఒక్కటే ఊడొస్తుంది, స్ఫటికం చెక్కుచెదరదు.

తర్వాత హోల్డర్‌ను ఛాంబర్‌లోకి పంపి, శాంపిల్‌ను కావలసిన ఉష్ణోగ్రతకు చల్లబరిచి, బయటి నుంచి నడిపే కడ్డీతో ఆ పుల్లను పక్కకు ఒక్క దెబ్బ కొడతారు. పుల్లతో పాటు పై పొరలు ఊడి కింద పడతాయి. కిటికీలోంచి టార్చి వేసి చూస్తే అద్దంలా మెరిసే ముఖం కనిపించాలి. గరుకుగా, మెట్లు మెట్లుగా కనిపిస్తే కాంతి మచ్చను అటూ ఇటూ జరిపి, ఒక్క చదునైన చోటైనా దొరుకుతుందేమో వెతుక్కోవాలి. దొరక్కపోతే మరో శాంపిల్, మళ్లీ ఎపాక్సీ దగ్గర్నుంచి. బీమ్‌టైమ్ (పెద్ద కేంద్రంలో మనకు కేటాయించిన సమయం) నడుస్తుండగా ఇలా జరిగితే పడే టెన్షన్ ఆ పని చేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఒక స్ఫటికంతో బయల్దేరరు.

కోణం చూసి ద్రవ్యవేగం ఎలా చెప్తారు?

స్ఫటికం ఉపరితలం వెంబడి ఒకే అమరిక పునరావృతమవుతుంది. కాబట్టి బయటికొచ్చేటప్పుడు ఆ దిశలోని ద్రవ్యవేగం మారదు. ఫోటాన్ తెచ్చే ద్రవ్యవేగం కూడా ఈ శక్తుల దగ్గర లెక్కలోకి రానంత చిన్నది. ఇక సూత్రం చాలా సులువు: గతిజ శక్తిని ఎలక్ట్రాన్ వోల్ట్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 0.512 తోనూ కోణం సైన్ విలువతోనూ గుణిస్తే, ఉపరితల దిశలోని తరంగ సదిశ ఆంగ్‌స్ట్రామ్ విలోమంలో వస్తుంది.

ఒక లెక్క చేసి చూద్దాం. గ్రాఫీన్‌లో డిరాక్ కోన్ (రెండు బ్యాండ్లు శంకువుల్లా ఒక బిందువు దగ్గర కలిసే చోటు) ఉండేది బ్రిల్లువాన్ జోన్ (స్ఫటికంలో తరంగ సదిశలకు గీసే హద్దు) మూలలో, మధ్య నుంచి 1.70 ఆంగ్‌స్ట్రామ్ విలోమాల దూరాన. హీలియం దీపంతో ఫెర్మీ స్థాయి ఎలక్ట్రాన్‌కు సుమారు 17 ఎలక్ట్రాన్ వోల్ట్ల గతిజ శక్తి ఉంటుంది. 90 డిగ్రీల దగ్గర కూడా అందే గరిష్ఠ విలువ 2.1. కాబట్టి 54 డిగ్రీల దగ్గర ఆ మూల దొరుకుతుంది. అదే 6 ఎలక్ట్రాన్ వోల్ట్ల లేజర్‌తో అయితే మిగిలే గతిజ శక్తి ఒకటిన్నరే, గరిష్ఠంగా 0.63 దాకానే వెళ్తాం. శాంపిల్‌ను ఎంత తిప్పినా డిరాక్ కోన్ కనిపించదు. లేజర్ ఆర్పెస్‌కు రిజల్యూషన్ అద్భుతంగా ఉంటుందని విని వెంటపడే ముందు ఈ చిన్న లెక్క చేసుకోండి.

ఉపరితలానికి నిలువు దిశలో ద్రవ్యవేగం నిలవదు. అక్కడ ఇన్నర్ పొటెన్షియల్ (స్ఫటికం లోపల ఎలక్ట్రాన్‌కు ఉండే సగటు పొటెన్షియల్) అనే ఊహను వాడి, ఫోటాన్ శక్తి మారుస్తూ వెతకాలి. దానికి సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పి, కావలసిన శక్తి గల కాంతినిచ్చే పెద్ద యంత్రం) కావాల్సిందే.

అయితే ఆర్పెస్ బొమ్మ అంటే బ్యాండ్ స్ట్రక్చర్ ఫోటో అన్నమాటేగా?

చాలామంది అలాగే అంటారు, నేను మాత్రం ఒప్పుకోను. బయటికొచ్చిన ఎలక్ట్రాన్‌ను మనం కొలుస్తున్నాం. ఆ క్షణానికి వెనక మిగిలింది ఒక ఎలక్ట్రాన్ తక్కువైన పదార్థం. స్పెక్ట్రమ్ చెప్పేది ఆ మిగిలిన పదార్థం ఎంత శక్తితో ఉంది, ఏయే స్థితుల్లోకి వెళ్లగలదు అన్న సంగతి. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి పెద్దగా పట్టించుకోని పదార్థంలో ఈ తేడా కనిపించదు, బొమ్మ లెక్కలకు చక్కగా సరిపోతుంది. గట్టిగా పట్టించుకునే చోట తేడా బయటపడుతుంది.

నికెల్‌ను చూడండి. దాని వేలెన్స్ స్పెక్ట్రమ్‌లో ఫెర్మీ స్థాయికి 6 ఎలక్ట్రాన్ వోల్ట్ల కింద ఒక శిఖరం ఉంటుంది. బ్యాండ్ లెక్కల్లో అక్కడ ఏ బ్యాండూ లేదు. ఒక ఎలక్ట్రాన్ వెళ్లిపోయినప్పుడు అదే పరమాణువులో మరో రంధ్రం (ఎలక్ట్రాన్ లేని ఖాళీ) కూడా ఏర్పడి, రెండు రంధ్రాలు ఒకే చోట ఇరుక్కున్న స్థితి అది. నికెల్ 3డీ బ్యాండ్ వెడల్పు కూడా లెక్కలో వచ్చినదానికన్నా తక్కువ. ఎదురెదురు స్పిన్‌ల బ్యాండ్ల మధ్య దూరమైతే లెక్కలో సగమే. అంత మామూలు లోహంలోనే ఇలా ఉంది.

దీనికి తోడు తీవ్రత కూడా మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. కాంతి ధ్రువణం, ఫోటాన్ శక్తి, ఎలక్ట్రాన్ తరంగం ఆకారం కలిసి ఏ బ్యాండ్ ఎంత ప్రకాశవంతంగా కనిపించాలో నిర్ణయిస్తాయి. గ్రాఫీన్ డిరాక్ కోన్‌లో ఒక పక్క తీవ్రత దాదాపు మాయమైపోతుంది. బ్యాండ్ అక్కడే ఉంది, రెండు కార్బన్ ఉపజాలకాల నుంచి వచ్చే తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయంతే. కాబట్టి "ఇక్కడ ఏమీ కనిపించలేదు, కాబట్టి బ్యాండ్ లేదు" అని రాసేముందు ధ్రువణం మార్చి, ఇంకో ఫోటాన్ శక్తితో మరోసారి చూడాలి.

నా రాగి ఆక్సైడ్ స్పెక్ట్రమ్‌లో సాహిత్యంలో చెప్పని అదనపు శిఖరాలున్నాయి. మలినమా?

రాగి 2పీ ప్రధాన శిఖరం 933 ఎలక్ట్రాన్ వోల్ట్ల చుట్టూ, అదనపువి 941 నుంచి 944 మధ్య ఉంటే, అది మలినం కాదు. మీ శాంపిల్‌లో +2 ఆక్సీకరణ స్థితి రాగి ఉందనడానికి అంతకన్నా మంచి రుజువు లేదు.

క్యూప్రిక్ ఆక్సైడ్‌లో (+2 రాగి) రాగి 3డీ కక్ష్యలో ఒక ఖాళీ ఉంటుంది. లోపలి 2పీ ఎలక్ట్రాన్ వెళ్లిపోగానే, ఆ రంధ్రాన్ని కప్పడానికి పక్కనున్న ఆక్సిజన్ నుంచి ఒక ఎలక్ట్రాన్ ఆ ఖాళీలోకి వస్తే తక్కువ శక్తి స్థితి, అదే ప్రధాన శిఖరం. రాకపోతే ఎక్కువ శక్తి స్థితి, అదే శాటిలైట్. క్యూప్రస్ ఆక్సైడ్‌లో (+1 రాగి) 3డీ నిండిపోయి ఉంటుంది, ఆక్సిజన్ ఎలక్ట్రాన్ రావడానికి చోటు లేదు, శాటిలైట్ రాదు. పైన చెప్పిన రంధ్రం కథే ఇక్కడా నడుస్తోంది.

ఒక చిక్కుంది. క్యూప్రస్ ఆక్సైడ్‌నూ రాగి లోహాన్నీ 2పీ శిఖరంతో విడదీయడం దాదాపు అసాధ్యం, రెండూ 932.5 దగ్గరే. అక్కడ రాగి ఎల్ఎంఎం ఆజే శిఖరం (లోపలి రంధ్రాన్ని పై ఎలక్ట్రాన్ నింపినప్పుడు ఆ శక్తితో బయటికొచ్చే మరో ఎలక్ట్రాన్‌ది) చూడాలి: లోహానికి గతిజ శక్తి సుమారు 918.6, క్యూప్రస్ ఆక్సైడ్‌కు 916.8. ఇంకో సంగతి, ఎక్కువసేపు ఎక్స్‌రే పడితే క్యూప్రిక్ రాగి క్షయకరణం చెంది క్యూప్రస్ అయిపోవచ్చు. అందుకే రాగి ఉన్న శాంపిల్‌లో రాగి శిఖరాన్నే మొట్టమొదట కొలవమని ఆపరేటర్‌ను అడగండి.

బంధక (ఇన్సులేటర్) శాంపిల్స్‌కు కార్బన్ శిఖరాన్ని 284.8 దగ్గర పెడితే సరిపోతుందా?

అందరూ చేస్తారు, కానీ గుడ్డిగా నమ్మదగ్గది కాదు. బంధకం నుంచి ఎలక్ట్రాన్లు పోతుంటే ధనావేశం పేరుకుని శిఖరాలన్నీ ఎక్కువ బంధన శక్తి వైపు జరుగుతాయి. ఫ్లడ్ గన్‌తో నెమ్మది ఎలక్ట్రాన్లు చల్లి దాన్ని సరిచేస్తారు. తర్వాత గాలి నుంచి అంటుకున్న కార్బన్ శిఖరాన్ని 284.8కి జరిపి, మిగతావన్నీ దాంతో పాటు జరుపుతారు. చిక్కేమిటంటే ఆ కార్బన్ ఎప్పుడూ ఒకే రకంగా ఉండదు. కింద ఉన్న పదార్థం వర్క్ ఫంక్షన్‌ను బట్టి దాని స్థానమే మారిన సందర్భాలున్నాయి. 0.2 ఎలక్ట్రాన్ వోల్ట్ల జరుగుబాటు మీద పేపర్ మొత్తం కట్టకండి. రెండు శిఖరాల మధ్య దూరం, ఆజే శిఖరంతో తేడా లాంటివి ఆవేశంతో మారవు. వాటిని ఆధారం చేసుకోవడం మేలు.

ఫెర్మీ అంచు నిటారుగా లేకపోతే పరికరం లోపమా?

ముందు ఉష్ణోగ్రత చూడండి. 300 కెల్విన్ దగ్గర ఆ అంచు 90 నుంచి 10 శాతానికి దిగడానికి దానంతట అదే 110 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్లకు పైగా తీసుకుంటుంది. 10 కెల్విన్ దగ్గర నాలుగు కూడా ఉండదు. చల్లటి బంగారం మీద కొలిచిన అంచు వెడల్పే మీ పరికరం అసలు రిజల్యూషన్.

దీంతో ఇప్పటిదాకా బయటపడ్డ పెద్ద సంగతులేమిటి?

నా మటుకు మొదటి స్థానం అధిక ఉష్ణోగ్రత అతివాహకాలదే. 1986లో క్యూప్రేట్లు (రాగి–ఆక్సిజన్ పొరలున్న అతివాహకాలు) దొరికాక, వాటిలోని శక్తి అంతరం అన్ని దిశల్లోనూ సమానమా కాదా అన్నది పెద్ద చర్చ. బిస్మత్ ఉన్న క్యూప్రేట్ చక్కగా పొరలుగా చీలుతుంది కాబట్టి ఆర్పెస్‌కు సరిగ్గా సరిపోయింది. 1993లో స్టాన్‌ఫర్డ్ బృందం చూపించిందేమిటంటే, రాగి–ఆక్సిజన్ బంధం దిశలో ఆ అంతరం పెద్దది, 45 డిగ్రీలు పక్కకు వస్తే దాదాపు సున్నా. డీ-వేవ్ (దిశను బట్టి అంతరం మారే రకం) అతివాహకత వైపు మొగ్గు రావడానికి అదొక బలమైన కారణం. అంతరం పరిమాణాన్నే ఆర్పెస్ చెబుతుంది. దాని గుర్తు ధనమా రుణమా అన్నది తేల్చింది వేరే ప్రయోగాలు. 1996లో ఇదే పద్ధతిలో, అతివాహకత మొదలయ్యే ఉష్ణోగ్రతకు పైన కూడా కొన్ని దిశల్లో అంతరం మిగిలే ఉంటుందని తేలింది. ఆ సూడోగ్యాప్‌కు మూలమేమిటన్నది నేటికీ వాదనలోనే ఉంది.

రెండోది టోపోలాజికల్ ఇన్సులేటర్లు. 2009లో బిస్మత్ సెలినైడ్ ఉపరితలం మీద ఒకే ఒక డిరాక్ కోన్ ఆర్పెస్‌లో నేరుగా కనిపించింది. లోపల 0.3 ఎలక్ట్రాన్ వోల్ట్ల అంతరం, పైన మాత్రం లోహం. ఈ స్ఫటికాన్ని చీల్చిన తర్వాత గంటలు గడిచేకొద్దీ, వాక్యూమ్‌లో మిగిలిన అణువులు అంటుకుని డిరాక్ బిందువు కిందికి జారుతూ ఉంటుంది. అందుకే చీల్చి ఎంతసేపయిందో ప్రతి డేటా ఫైల్ మీదా రాసుకోవాలి.

ఖాళీగా ఉన్న స్థాయిల్ని చూడలేమా?

మామూలు పద్ధతిలో లేదు, అక్కడ ఎలక్ట్రానే లేదు కదా. ఎలక్ట్రాన్లను పంపి ఫోటాన్లను కొలిచే ఇన్వర్స్ ఫోటోఎమిషన్ ఉంది. లేదా ఒక లేజర్ పల్స్‌తో ఎలక్ట్రాన్లను పైకెక్కించి, ఇంకో పల్స్‌తో వాటిని బయటికి లాగే టైమ్ రిజాల్వ్‌డ్ ఆర్పెస్.

మన దేశంలో ఎక్కడ చేయొచ్చు?

ఎక్స్‌పీఎస్ ఇప్పుడు చాలా జాతీయ ప్రయోగశాలల్లో, పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఉంది. బయటివాళ్ల శాంపిల్స్ కూడా రుసుము తీసుకుని కొలిచే చోట్లున్నాయి. సింక్రోట్రాన్ కావాలంటే ఇండోర్‌లోని రాజా రామన్న సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ. అక్కడ 450 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్ల ఇండస్-1, 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్ల ఇండస్-2 రెండింటిమీదా ఫోటో ఎలక్ట్రాన్ బీమ్‌లైన్లు ఉన్నాయి. ప్రపోజల్ రాసి బీమ్‌టైమ్ అడగాలి. అందులో ఏ ఫోటాన్ శక్తి కావాలి, ఎందుకు కావాలి అన్నది లెక్కతో రాయండి. పైన గ్రాఫీన్‌కు చేసినలాంటి లెక్క నాలుగు వరుసలు చాలు.

శాంపిల్ పంపేముందు ఏం చూసుకోవాలి?

చేత్తో ముట్టుకోవద్దు. వేలి జిడ్డు అంటితే గ్రాఫ్ నిండా కార్బనే. సిలికోన్ గ్రీజు వాడిన చోటికి దగ్గర్లో ఉంచొద్దు, అది పాకి ఉపరితలమంతా సిలికాన్ శిఖరంగా తేలుతుంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు కూడా ఇలాగే చేస్తాయి కాబట్టి శుభ్రమైన అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి గాజు సీసాలో పెట్టండి. పొడి అయితే ఇండియం రేకు మీద నొక్కి ఇవ్వడం మంచిది. వేడికి ఆవిరయ్యేదీ, అయోడిన్, సల్ఫర్ లాంటివీ ఉంటే ఆ మాట ఫారంలో ముందే రాయండి. అది ఛాంబర్ గోడలకు పట్టుకుంటే మళ్లీ పంపులు నడిపి, రోజు దాటి వేడిచేస్తేగానీ వాక్యూమ్ పాత స్థితికి రాదు, మీ వెనక వరుసలో ఉన్నవాళ్ల కొలతలన్నీ ఆగిపోతాయి.